ఆరు దారుల ధ్వని – రెండు తీగల పాలు

మా రోలుగుంటలో "హోం థియేటరు" అన్న మాటకి ఇప్పుడెవరూ అర్థం చెప్పనక్కర్లేదు. అల్లుడికి పెట్టే సామాన్ల జాబితాలో అది చేరింది. చెరకు డబ్బులు చేతికందిన ఏడు కొనే వస్తువుల్లో అది చేరింది. విశాఖలో ఉద్యోగం దొరికిన కుర్రవాడు మొదటి మూడు నెలల జీతంలోంచి ఇంటికి పట్టుకొచ్చేవాటిలోనూ చేరింది. టీవీకి అటొకటి, ఇటొకటి, కింద ఒకటి, వెనక గోడకి రెండు, మూలన ఒక పెద్ద డబ్బా – వెరసి ఆరు. చుట్టాలొస్తే వాటివైపు చెయ్యి చూపించి "ఫైవ్ పాయింట్ వన్ అండీ" అని చెప్పుకోవడం కూడా మామూలే.

అయితే ఆ ఆరు డబ్బాల్లోంచీ వచ్చేది ఆరు రకాల ధ్వనేనా? కాదని నా అభిప్రాయం. మా మండలంలోనూ, ఇటు చోడవరం, అటు నర్సీపట్నం దారుల్లోనూ నేను చూసిన ఇళ్ళలో ఒకటో రెండో తప్పిస్తే, మిగతా అన్నిచోట్లా ఆరు డబ్బాలూ ఒకే మాట అంటున్నాయి. ముందువి ఏది పాడితే వెనకవీ అదే పాడుతున్నాయి, భజన గోష్ఠిలాగ. డబ్బు ఆరింటికి పోసి, రెండింటి ధ్వని వింటున్నాం. ఆకాశంలోంచి ఆరు దారుల్లో దిగివచ్చిన ధ్వని మన ఇంటి గోడదాకా క్షేమంగానే వచ్చి, సెట్‌టాప్ బాక్సుకీ ఆంప్లిఫయరుకీ మధ్యనున్న మూరెడు వైరు దగ్గర ప్రాణం విడుస్తోంది. ఈ వ్యాసం ఆ మూరెడు వైరు గురించి.

"ఇదీ ఒక సమస్యేనా? ఊళ్ళకి సరైన రోడ్లు లేవు, వీడికి సరౌండ్ సౌండు కావల్సివచ్చింది" అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. వారికి జవాబుంది, కాస్త ఆగి చెప్తాను. ముందు అసలీ ఆరు దారులేమిటో చూద్దాం.

1932లో "భక్త ప్రహ్లాద"తో తెలుగు తెర మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు ధ్వనికున్నది ఒక్కటే దారి. ప్రహ్లాదుడు తెరకి ఏ మూల నిలబడి మాట్లాడినా గొంతు ఒక్కచోటినుంచే వచ్చేది. ఆ పద్ధతిలోనే మన తాతలు, తండ్రులు టూరింగ్ టాకీసుల్లో నేలమీద కూర్చుని సినిమాలు చూసి ఆనందించారు. 1986లో కృష్ణ గారి "సింహాసనం" 70 ఎం.ఎం. తెరమీద ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చింది. గుర్రం తెరకి ఈ చివరినుంచి ఆ చివరికి పరిగెడితే డెక్కల చప్పుడు కూడా దానితోపాటే పరిగెట్టడం తెలుగు ప్రేక్షకుడికి అదొక కొత్త రుచి. 1997లో వచ్చిన "మాస్టర్"ని డి.టి.ఎస్. ధ్వనితో వచ్చిన తొలి తెలుగు చిత్రంగా చెప్తారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు పోస్టర్ల మీద హీరో పేరుతో సమానంగా "డి.టి.ఎస్." అన్న మూడక్షరాలు కనిపించేవి. 2015లో "బాహుబలి" డాల్బీ అట్మాస్‌లో వచ్చేసరికి ధ్వని నెత్తిమీదికి కూడా ఎక్కింది.

ఇంట్లోకి వచ్చే ఫైవ్ పాయింట్ వన్ అంటే ఇదే బాపతు, కాస్త చిన్న కొలతలో. ముందు ఎడమ, ముందు కుడి, ముందు నడుమ, వెనక ఎడమ, వెనక కుడి – ఇవి అయిదు. ఆ "పాయింట్ వన్" అనేది ఉరుములు, ఏనుగు అడుగులు, బాంబుల వంటి బొంగురు ధ్వనులకి మాత్రమే వేరుగా ఇచ్చిన దారి. పూర్తి దారి కాదు గనక దాన్ని అంకెలో కూడా చిన్నబుచ్చారు. ఈ ఏర్పాటులో అన్నిటికంటె ముఖ్యమైనది వెనక డబ్బాలని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ముఖ్యమైనది నడుమది. బుర్రకథ చూసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. కథకుడు నడుమ తంబురాతో నిలబడి కథ నడుపుతాడు. ఒకవైపు వంత రాజకీయం చెప్తాడు, మరోవైపు వంత హాస్యమాడతాడు. ముగ్గురికీ మూడు చోట్లు. కథకుణ్ణి తీసేసి, ఆయన మాటల్ని చెరిసగం చేసి ఆ వంతలిద్దరి నోట్లో పెట్టండి, కథ ఏమవుతుందో! మన సెట్‌టాప్ బాక్సులు రోజూ చేస్తున్న పని అదే.

ధ్వనికి ఒకటికంటె ఎక్కువ దారులుండడం మన టెలివిజనుకి మొదటినుంచీ తెలియని సంగతేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకి టీవీ చూపించిన "సైట్" ప్రయోగంలో బొమ్మ ఒకటే, మాటల దారులు రెండు. ఒకదాంట్లో తెలుగు, ఇంకోదాంట్లో కన్నడం. బొమ్మ పంచుకుని మాట వేరుచేసుకున్నారన్నమాట. ఆ తర్వాత 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. యాంటెన్నాలు ఇళ్ళమీద మొలిచాయి. ధ్వని మాత్రం చాలాకాలం ఒంటిదారిలోనే నడిచింది.

అంకెల యుగం మొదలయ్యాక పరిస్థితి మారింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో నెలసరి చందా లేని దూరదర్శన్ వారి డి.డి. డైరెక్ట్, 2006లో టాటా స్కై – ఇలా గొడుగులు ఒకదాని వెనక ఒకటి మన డాబాలెక్కాయి. 2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి, కేబులంతా అంకెల్లోకి మారాలని విడతలవారీగా గడువులు పెట్టారు. 2013లో విశాఖపట్నం వంతు వచ్చింది. మా వంటి పల్లెల గడువు చివరి విడతలో, 2017 దాకా సాగింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఫైబర్‌నెట్‌ని రాష్ట్రపతి చేతులమీదుగా ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా గాజుతీగ లాగి, నెలకి 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను ఇస్తామన్నారు. విశాఖ జిల్లా మండలంగా ఉన్న మా రోలుగుంట 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అంటే మాకు జిల్లా మారేలోపలే టీవీ రెండు మూడు సార్లు మారిపోయిందన్నమాట!

ఈ మార్పులన్నిటిలోనూ ఎవరూ సరిగ్గా చెప్పని సంగతొకటుంది. అంకెల పద్ధతిలో ధ్వనిని నొక్కి, మడతపెట్టి పంపుతారు. విప్పిన ధ్వనిని – అంటే పి.సి.ఎం. అన్నదాన్ని – పంపాలంటే సెకనుకి 48,000 సార్లు కొలిచి, కొలిచినప్పుడల్లా 16 బిట్లు రాయాలి. రెండు దారులకి కలిపి సెకనుకి 15,36,000 బిట్లు. డాల్బీ డిజిటల్ పద్ధతిలో మడతపెడితే ఆరు దారుల ధ్వనంతా 3,84,000 బిట్లలో ఇమిడిపోతుంది. అంటే మడతపెట్టిన ఆరు దారులు, విప్పిన రెండు దారులు పట్టేచోట నాలుగోవంతులో సర్దుకుంటాయి. చెవికి అంతగా తెలియని ధ్వనుల్ని వదిలేసి, తెలిసేవాటినే రాయడం ఇందులో కిటుకు. అంచేత దారులు ఎక్కువైతే వైరు లావవ్వాలన్న నియమం లేదు. సన్నటి తీగలోనే అన్నీ వస్తాయి. కాకపోతే ఆ మడత విప్పేవాడు ఆ చివర ఉండాలి.

ఇప్పుడు మన ఇంట్లోకి వద్దాం. కనెక్షను ఇచ్చే కుర్రవాడు వస్తాడు. గొడుగు తిప్పుతాడు, బొమ్మ తెప్పిస్తాడు, బాక్సు వెనక పసుపు, ఎరుపు, తెలుపు తీగలో, లేకపోతే హెచ్.డి.ఎం.ఐ. తీగో టీవీకి గుచ్చి, సంతకం పెట్టించుకుని బండెక్కేస్తాడు. ఆంప్లిఫయరు ఉందంటే ఎరుపు, తెలుపు తీగలు ఊడదీసి దానికి పెడతాడు. ఆ ఎరుపు తెలుపులు రెండే దారులు! వాటిలోంచి మూడోది రమ్మన్నా రాదు. బాక్సు ఆరు దారుల్నీ తన కడుపులోనే కలిపేసి, రెండుగా చేసి బయటికి తోస్తుంది. ఆంప్లిఫయరు ఆ రెండింటినే ఆరు డబ్బాలకీ పంచిపెడుతుంది. పెళ్ళివారింట్లో చారు పల్చన చేసి పంక్తి చివరిదాకా సర్దినట్టు.

మా దగ్గరి బంధువు ఒకాయనకి ఇలాగే జరిగింది. హెచ్.డి. ప్యాకేజీకి నెలనెలా ఎక్కువ కడుతూ, ధ్వని మాత్రం మామూలుగానే వస్తోందని ఆయన సదరు కంపెనీకి ఫోను చేశాడు. అరగంట పాట వినిపించాక అవతలివ్యక్తి అడిగిన ప్రశ్న ఒక్కటే – "బొమ్మ వస్తోందా సార్?" వస్తోందన్నాడు. "సౌండ్ వస్తోందా సార్?" వస్తోందన్నాడు. "అయితే కంప్లైంట్ క్లోజ్ చేస్తున్నాను సార్, ధన్యవాదాలు." బొమ్మ కనిపించి, చప్పుడు వినిపిస్తే టీవీ బాగున్నట్టే. ఆ చప్పుడులో ఎన్ని దారులున్నాయన్నది వారి కాగితంలో ప్రశ్నే కాదు.

బాక్సు వెనక జాగ్రత్తగా చూస్తే కొన్నిటికి చిన్న చదరపు రంధ్రం, దానికి తలుపులాంటి మూత కనిపిస్తాయి. "ఆప్టికల్" అనో, "ఎస్.పి.డి.ఐ.ఎఫ్." అనో రాసి ఉంటుంది. అందులోంచి ఎర్రటి వెలుగు వస్తుంది. 1983లో జపాను తోషిబా కంపెనీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ధ్వని కరెంటు రూపంలో కాక వెలుగు రూపంలో సన్నటి తీగలోంచి పోతుంది. ఆ తీగ ఖరీదు రెండు వందలకి అటూ ఇటూ. కొత్త తీగ మూతికి చిన్న ప్లాస్టిక్ తొడుగుంటుంది. అది తియ్యకుండా గుచ్చి, "పనిచెయ్యట్లేదు" అని షాపువాడితో తగువు పెట్టుకోకండి. తీగని మడత మంచంలా మడిచినా వెలుగు అవతలకి పోదు. మాకు ఇక్కడే ఒక చమత్కారం కనిపిస్తుంది. ప్రభుత్వంవారు ఎక్కడెక్కడినుంచో కరెంటు స్తంభాల మీదుగా వెలుగు తీగని మా ఊరిదాకా లాక్కొచ్చారు. ఇంట్లోకి వచ్చాక బల్ల మీది బాక్సునుంచి బల్ల కింది ఆంప్లిఫయరుదాకా మూరెడు వెలుగు తీగ మాత్రం ఎవరూ వెయ్యలేదు.

తీగ గుచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. బాక్సు మెనూలోకి వెళ్ళాలి. "ఆడియో" అన్నచోట సాధారణంగా పి.సి.ఎం. అనో, స్టీరియో అనో పెట్టి ఉంచుతారు. దాన్ని "డాల్బీ డిజిటల్" అనో, "బిట్‌స్ట్రీమ్" అనో మార్చాలి. మార్చకపోతే ఆ వెలుగు తీగలోంచి కూడా రెండు దారులే వస్తాయి. కంపెనీలు దాన్ని ముందే పి.సి.ఎం.లో ఎందుకు ఉంచుతాయంటే, మడత విప్పలేని టీవీల్లో అసలు చప్పుడే రాకుండా పోయి జనం ఫోన్లు చేస్తారని. వారి జాగ్రత్త వారిది. కాని ఆ మాట ఒక చిన్న కాగితం మీద తెలుగులో అచ్చువేసి బాక్సుతోపాటు ఇస్తే వారి సొమ్మేం పోయింది?

ఛానెలు మార్చాలి. మామూలు ఛానెళ్ళలో చాలావరకు రెండు దారుల ధ్వనే ఉంటుంది, చందా లేని దూరదర్శన్ గొడుగులోనూ అంతే. హెచ్.డి. ఛానెళ్ళలో, అందులోనూ కొన్ని సినిమాలకే, ఆరు దారులుంటాయి. అక్కడ కూడా ఒక చిక్కుంది. కొన్ని ప్రసారాలు డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కొత్త మడతలో వస్తాయి. ఆ మడత ఆప్టికల్ తీగలో పోదు. బాక్సు దాన్ని పాత మడతలోకి మార్చి ఇవ్వాలి. మార్చే శక్తి దానికి లేకపోతే రెండు దారులే దక్కుతాయి, లేదా నిశ్శబ్దం.

టీవీని మధ్యలో పెట్టుకున్నవారి కథ వేరు. బాక్సునుంచి హెచ్.డి.ఎం.ఐ. టీవీలోకి పోయి, టీవీ వెనకనుంచి ఆప్టికల్ ఆంప్లిఫయరుకి వస్తుంది. చూడ్డానికి చక్కగానే ఉంటుంది గాని, చాలా టీవీలు తన కడుపులో పుట్టిన ధ్వనిని ఆరు దారుల్లో ఇస్తాయి, బయటినుంచి వచ్చినదాన్ని రెండుకి కుదించి ఇస్తాయి. సవతి తల్లి వడ్డన! 2009లో వచ్చిన "ఏ.ఆర్.సి." పద్ధతిలో టీవీలోకి పోయిన హెచ్.డి.ఎం.ఐ. లాంటి తీగలోంచే ధ్వని వెనక్కి ఆంప్లిఫయరుకి రావచ్చు. టీవీకీ ఆంప్లిఫయరుకీ రెండింటికీ ఆ మూడక్షరాలు రాసిన రంధ్రాలుండాలి, రెండింటి మెనూల్లోనూ దాన్ని మేలుకొలపాలి. నా సలహా అడిగితే, వీలున్నంతవరకు బాక్సునుంచి తిన్నగా ఆంప్లిఫయరుకే తీగ వెయ్యమంటాను. మధ్యవర్తులు ఎంత తక్కువైతే బేరం అంత చవక.

ఇక ఆంప్లిఫయరు సంగతి. మా వైపు ఎక్కువ ఇళ్ళలో ఉండేవి పెద్ద కంపెనీలవి కావు. చోడవరంలోనో, నర్సీపట్నంలోనో, అనకాపల్లిలోనో మెకానిక్కు తన చిన్న దుకాణంలో కూర్చుని చేసిచ్చినవి. ట్రాన్స్‌ఫార్మరు ఒకచోట, 4440 బోర్డు ఒకచోట, టోన్ కంట్రోలు ఒకచోట కొని, రేకుపెట్టెలో బిగించి, ముందు నీలం దీపాలు పెట్టి ఇస్తారు. ఈ మెకానిక్కుల్ని తక్కువచేసి మాట్లాడే ఇంజనీరింగు మిత్రులంటే నాకు ఒళ్ళు మంట. మనం నాలుగేళ్ళు చదివి బోర్డుమీద గీసినదాన్ని వాళ్ళు టంకం కర్రతో చేసి చూపిస్తున్నారు. వినాయక చవితి పందిట్లో తొమ్మిది రోజులు ఆగకుండా మోగేది వారి సరుకే. అయితే ఆ పెట్టె ముందు "5.1" అని రాసి ఉన్నా, వెనక ఎరుపు తెలుపు రంధ్రాలు రెండే ఉంటే అది ఆరు నోళ్ళున్న రెండు చెవుల జీవి. లోపలి సరౌండు బోర్డు ఎడమనుంచి కుడిని తీసివేసి మిగిలినదాన్ని వెనక్కి పంపుతుంది, రెండిటినీ కలిపి నడుమకి పంపుతుంది. అది ఊహే గాని అసలు ధ్వని కాదు.

కొన్ని పెట్టెల వెనక ఆరు రంధ్రాలు విడివిడిగా ఉంటాయి, డి.వి.డి. ప్లేయర్ల కాలంలో పెట్టించుకున్నవి. అలాంటిది ఉన్నవారు అదృష్టవంతులు. ఒక డీకోడరు డబ్బా కొంటే చాలు. అరచేతంత ఉంటుంది. ఒకవైపు ఆప్టికల్ తీగ పోతుంది, రెండోవైపు ఆరు తీగలు బయటికొస్తాయి. రెండు మూడు వేలలో దొరుకుతుంది. పాత ఆంప్లిఫయరు పారెయ్యనక్కర్లేదు. ఇక్కడ మన మెకానిక్కులు ఒక అడుగు ముందుకి వేసి ఈ డీకోడరుని పెట్టెలోనే బిగించి అమ్మితే వారి వ్యాపారానికి వ్యాపారం, మనకి పరువు.

ఇప్పుడు నవ్విన మిత్రులకి జవాబు చెప్తాను. సరౌండు సౌండు సోకు కోసం కాదు. మా ఇంట్లో అమ్మమ్మ ఉంది. సినిమా పెడితే ప్రతి రెండు నిముషాలకీ ఆమె వేసే ప్రశ్న, "ఏటంతన్నాడ్రా ఆడు?" అని. పాట వస్తే "తగ్గించండర్రా, గుండె అదిరిపోతంది" అంటుంది. మాట వస్తే "పెంచండ్రా, ఇనబడ్డంలేదు" అంటుంది. రిమోటు పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చోడమే ఒకరి పని. పల్లెల్లో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి అమ్మమ్మ, తాతయ్య ఉంటారు. వయసు మళ్ళిన చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నని ధ్వనులు. స, శ, త, క వంటి హల్లుల పదును పోతుంది. అచ్చులు వినిపిస్తాయి, మాట పోల్చుకోలేరు. దానికితోడు వెనక డప్పులు, ఫిడేళ్ళు, వాన, గాలి!

ఆరు దారుల ధ్వనిలో మాటలు దాదాపుగా నడుమ దారిలోనే ఉంటాయి. సినిమా చేసినవారు వాటిని అక్కడ వేరుగా కూర్చోబెట్టి పంపించారు. ఆ దారిని విడిగా అందుకోగలిగితే, నడుమ స్పీకరు ఒక్కదాన్నే నాలుగు గీతలు పెంచవచ్చు. డప్పులు ఉన్నచోటే ఉంటాయి, మాట ముందుకొస్తుంది. బాక్సు దాన్ని రెండు దారులుగా కలిపేశాక మాటలు ఎడమ కుడి సంగీతంలో కలిసిపోతాయి. పులుసులో పడ్డ ఉప్పుని ఏరగలమా? ఎంత ఖరీదైన ఆంప్లిఫయరైనా ఆ తర్వాత పూర్తిగా విడదియ్యలేదు. డాల్బీ మడత విప్పే యంత్రాల్లో "నైట్ మోడ్" అనో, "డి.ఆర్.సి." అనో ఒక మీట కూడా ఉంటుంది. పెద్ద చప్పుళ్ళని తగ్గించి చిన్న చప్పుళ్ళని లేపుతుంది. రాత్రి పక్కవాళ్ళ పిల్లలు పరీక్షలకి చదువుకుంటున్నప్పుడు అదెంత ఉపకారమో వేరే చెప్పాలా? అమ్మమ్మ సినిమాలో మాట వినాలనుకోవడం సోకు అంటారా? అది ఆమె చందా కట్టి కొనుక్కున్న సరుకు.

చందా మాట వచ్చింది గనక చెప్తున్నాను. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ వారు అమల్లోకి తెచ్చిన లెక్కలో మొదటి వంద ఛానెళ్ళకి 130 రూపాయలు, పైన పన్ను ఉండేవి. ఆ వందలో ఒక హెచ్.డి. ఛానెలు రెండు మామూలు ఛానెళ్ళ చోటు తింటుందన్నారు. తింటే తిననివ్వండి. బొమ్మ నాణ్యంగా ఉంటుంది గనక రెండు వంతుల చోటు ఇచ్చాం. మరి ఆ రెండు వంతుల్లోనే ఉన్న ధ్వని ఏమైంది? కూరగాయల సంతలో కిలో వంకాయలకి డబ్బుపుచ్చుకుని ముప్పావుకిలో తూస్తే తక్కెడ పట్టుకుని నిలదీస్తాం. ఇక్కడ తక్కెడే లేదు. కనీసం బాక్సు అట్టపెట్టె మీద రెండు వాక్యాలు తెలుగులో అచ్చువెయ్యాలని నా వాదన: "దీనిలోంచి ఆరు దారుల ధ్వని బయటికి వస్తుంది, ఫలానా రంధ్రంలోంచి" అనో, "రాదు" అనో. మందుసీసా మీద మోతాదు రాసినట్టు. రాదని రాస్తే కొనేవాడు ఇంకొకటి అడుగుతాడు. బహుశా అందుకే రాయరు.

ఛానెళ్ళవారినీ వదిలిపెట్టనక్కర్లేదు. ఆరు దారుల్లో తయారైన సినిమాని తెచ్చి, రెండు దారుల్లో ప్రసారం చేసి, మధ్యలో ప్రకటనలు మాత్రం చెవులు చిల్లులు పడేట్టు వెయ్యడం వీరికి అలవాటైంది. ఇంకొందరు రెండు దారుల ధ్వనినే డాల్బీ సంచిలో పెట్టి పంపుతారు. సంచి చూసి మురిసిపోవడమే మన వంతు. అంచేత ఆంప్లిఫయరు మీద డాల్బీ దీపం వెలిగిందని సంబరపడకుండా, డిస్ప్లే ఉన్న యంత్రమైతే అంకెలు చూడండి. "3/2.1" అని చూపిస్తే ముందు మూడు, వెనక రెండు, బొంగురుదొకటి – ఆరూ ఉన్నట్టు. "2/0" అని చూపిస్తే సంచి మాత్రమే డాల్బీ.

బాక్సులో ఆప్టికల్ రంధ్రమే లేనివారు, కొత్తది కొనే స్తోమతు లేనివారు ఏం చెయ్యాలి? 1970 ప్రాంతాల్లో అమెరికా ఇంజనీరు డేవిడ్ హాఫ్లర్ ప్రచారంలోకి తెచ్చిన చిట్కా ఒకటుంది. రెండు దారుల ఆంప్లిఫయరు చాలు. మూడో స్పీకరు తీసుకుని, దాని ప్లస్సుని ఎడమ ప్లస్సుకి, మైనస్సుని కుడి ప్లస్సుకి తగిలించి వెనక గోడకి పెట్టాలి. రెండు దారుల్లోనూ సమానంగా ఉన్నది – అంటే మాట – దానిలో వినిపించదు. తేడాగా ఉన్నది మాత్రమే వినిపిస్తుంది: వాన, చప్పట్లు, మారుమోత. 1970ల మధ్యనుంచి డాల్బీ స్టీరియో పద్ధతిలో చేసిన సినిమాల్లో వెనక ధ్వనిని ఆ తేడాలోనే దాచారు గనక, వాటికి ఇది చిత్రంగా పనిచేస్తుంది. కాని జాగ్రత్త. ఇప్పటి చవక బోర్డుల్లో కొన్నిటికి స్పీకరు మైనస్సు తీగ నేలకి కలిసి ఉండదు, ప్లస్సూ మైనస్సూ రెండూ సజీవంగానే ఉంటాయి. అలాంటివాటికి ఈ చిట్కా ప్రయోగిస్తే పొగ రావచ్చు. మెకానిక్కుని అడగకుండా చెయ్యొద్దు. మూడో స్పీకరు ఎనిమిది ఓముల కంటె తక్కువది పెట్టొద్దు. మాట వినపడాలన్న అమ్మమ్మ కోరికని ఈ చిట్కా తీర్చదు, వాన మాత్రం ఇంట్లో కురుస్తుంది.

అన్నీ అమరినవారు కూడా స్పీకర్లని షోకేసులో బొమ్మలపక్కన పెట్టడం చూశాను. వెనకవాటిని రెండింటినీ ముందే పెట్టి, "వైరు చాల్లేదు" అన్నవారూ ఉన్నారు. కూర్చున్న మనిషి టీవీవైపు తిన్నగా చూస్తుంటే, ముందు రెండూ చెరో ముప్ఫయి డిగ్రీల పక్కకి, వెనక రెండూ చెరో నూటపది డిగ్రీల పక్కకి – అంటే చెవికి కాస్త వెనగ్గా – ఉండాలన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న లెక్క. నడుమది టీవీ కిందో పైనో, మూతి మనుషులవైపు తిప్పి. ధ్వని సెకనుకి 340 మీటర్ల చొప్పున నడుస్తుంది, మీటరుకి సుమారు మూడు మిల్లీసెకన్లు. అందుకే మంచి యంత్రాల్లో ఏ స్పీకరు ఎంత దూరంలో ఉందో అడుగుతారు. టేపు పెట్టి కొలిచి చెప్పాలి, అందాజుగా కాదు. మా వైపు డాబా ఇళ్ళలో సిమెంటు గోడలు, నున్నటి గచ్చు, ఖాళీ గది – మాట గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. పాత పెంకుటిళ్ళలో ధ్వని ఇంతకంటె మెత్తగా ఉంటుంది, పైన చూరు, మూలల్లో ధాన్యం బస్తాలు ఉంటాయి గనక. డాబావారు ఓ బొంత పరిచి, కిటికీకి మందం తెర కట్టినా తేడా తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు.

మన విద్యార్థి సంఘం ఏటా కార్యక్రమాలకి ఖర్చుపెట్టేదాంట్లో ఒక ఆప్టికల్ తీగ, ఒక డీకోడరు డబ్బా, రెండు చిన్న స్పీకర్లు కొనడం పెద్ద లెక్క కాదు. ఎలక్ట్రానిక్సు చదివే మిత్రులు నలుగురు సెలవుల్లో వాటిని సంచిలో వేసుకుని రోలుగుంట, రావికమతం, బుచ్చయ్యపేట మండలాల్లో పది ఊళ్ళు తిరగవచ్చు. ఏ బాక్సు వెనక ఎర్ర వెలుగు వస్తోంది, ఏది రెండు దారులకే ఆగిపోతోంది, మెనూలో ఎక్కడ మార్చాలి – ఇవి ఒక నోటుపుస్తకంలో రాసుకొస్తే, వచ్చే ఏడాది సంచికలో పట్టికగా అచ్చువెయ్యవచ్చు. కంపెనీలు అచ్చువెయ్యనిది మనం అచ్చువేస్తాం. భోజనం ఏర్పాటు మా ఊళ్ళో మాది. బస్సు టిక్కెట్టు మాత్రం ఎవరిది వారే తీసుకోవాలి.